కొత్త ట్రక్కు, అద్దె ట్రాక్టరు

కొత్త ట్రక్కు కొన్నానని తెలిసిన దగ్గర్నుంచి మనవాళ్ళు అడిగేవి రెండే ప్రశ్నలు. ఎంతకి పడింది? ఎన్ని బస్తాలు పడతాయి? రెండో దానికి జవాబు ఇక్కడే చెప్పేస్తా. ఐదు టన్నుల హైడ్రాలిక్, రెండు చక్రాలది. 75 కేజీల బస్తాలు 65 దాకా వేసుకోవచ్చు. రేటు మాత్రం ఎవరికి వాళ్ళకి విడిగా చెబుతాను, ఇక్కడ రాస్తే షెడ్డు ఆయన నా మీదకొస్తాడు. విజయవాడ ఆటోనగర్ నుంచి మా ఊరికి దాన్ని ఎట్లా తెచ్చామన్నది మాత్రం ఎవరూ అడగలేదు. నేను ఎక్కువ బుర్ర పెట్టింది దాని మీదే. కోతల ముందు మన వైపు ఇంకో నలుగురైదుగురు ఆర్డర్లు ఇచ్చి ఉన్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా. పొడుగైతే తిట్టుకోకండి.

మా ట్రాక్టరు ఇంజను బోరుకి వచ్చి షెడ్డులో విప్పి ఉంది. ట్రక్కేమో తయారైపోయింది. షెడ్డు ఆయన రోజూ ఫోను, "బండి తీసుకెళ్ళండి బాబూ, నాకు జాగా లేదు" అని. కార్తీకం సగం అయిపోయింది, చేలు పండుబారుతున్నాయి. ఇంజను వచ్చేదాకా ఆగితే కోతలకి మళ్ళీ అద్దె ట్రక్కే గతి. అందుకని ఏదో ఒకటి అద్దెకి మాట్లాడి లాక్కురావాలి.

దారులు నాలుగు కనిపించాయి. షెడ్డువాళ్ళే పంపిస్తామన్నారు, కానీ ఏ బండి వస్తుందో, ఎవరు తోలతారో చెప్పరు. దారిలో ఏమన్నా అయితే ఎవరి పూచీ అంటే "ఏమీ కాదులెండి" అన్నారు. అది జవాబు కాదు కదా. రెండోది డీసీఎంలో ఎక్కించి తేవడం. ఎక్కించడానికి ఆటోనగర్‌లో క్రేను ఉంది, దించడానికి మా ఊళ్ళో ఏముంది? చెరువు గట్టు తప్ప. మూడోది మా బావమరిది సలహా: "బొలేరోకి కట్టేసి లాగేద్దాం, గంటన్నరలో ఇంట్లో ఉంటాం." ట్రక్కు ఖాళీ బరువే టన్నున్నర. దానికి బ్రేకులు లేవు. బొలేరో వెనక బంపరుకి తాడు కట్టి దాన్ని బందరు రోడ్డు మీద అరవై స్పీడులో లాగితే, ముందు ఎవడన్నా సడన్‌గా ఆపినప్పుడు మనం ఆగినా ట్రక్కు ఆగదు. గంటన్నరలో ఇంట్లో ఉండమన్న మాట నిజమే, ఫొటోలో ఉంటాం. ఇక మిగిలింది ట్రాక్టరు అద్దెకి తీసుకోవడం.

ఇక్కడ ఒక పిట్టకథ చెప్పాలి. మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉద్యోగం. అక్కడ వాళ్ళకి సరదాగా ఊళ్ళు తిరగడానికి చక్రాల మీద ఇల్లు లాంటి ట్రైలర్లు ఉంటాయి. మంచం, వంటగట్టు, బాత్రూము అన్నీ అందులోనే. ట్రావెల్ ట్రైలర్ అంటారట. వీడు ఒకటి కొన్నాడు, లాగడానికి తగిన బండి లేదు, మామూలు కారే ఉంది. సరే అద్దెకి పికప్ ట్రక్కు తీసుకుందామని పోతే, అద్దె కారు కంపెనీల్లో చాలావాటి కాగితంలోనే రాసి ఉంటుందట, ఈ బండితో వేరే దేన్నీ లాగకూడదు అని. లాగితే ఇన్సూరెన్సు చెల్లదు. లాగనిచ్చే వాళ్ళని వెతికి పట్టుకోవడానికి వాడికి రెండు వారాలు పట్టింది. ఆ తర్వాత ట్రైలర్ బ్రేకులని ముందు బండిలోంచి నడిపే ఒక చిన్న పెట్టె కావాలి, కొక్కెం గోళీ సైజు సరిపోవాలి, రెండు గొలుసులు కొక్కెం కింద అడ్డంగా, ఒకదాని మీద ఒకటి వేసి కట్టాలి. అలా ఎందుకంటే, కొక్కెం ఊడినా నొగ నేల మీద పడకుండా గొలుసుల ఊయలలో ఆగుతుంది. మొత్తం బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా కొక్కెం మీద పడేలా సర్దాలట. తక్కువైతే వెనక ట్రైలర్ పాములాగా ఊగుతుంది, ఎక్కువైతే ముందు బండి మూతి పైకి లేస్తుంది.

"మామయ్యా, ఇదంతా యూట్యూబులో చూసి నేర్చుకున్నా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా నాన్న చదువు నాలుగో తరగతి. ఎడ్లబండి మీద ధాన్యం వేసేటప్పుడు బస్తాలు సర్దాక కాడి ఎత్తి చూసేవాడు. కాడి ఇద్దరు ఎత్తినా లేవకపోతే ఒక బస్తా వెనక్కి జరపమనేవాడు, చిటికెన వేలితో లేస్తే ముందుకి లాగమనేవాడు. ముందు బరువెక్కువైతే ఎడ్ల మెడలు పుండ్లు పడతాయి, వెనక ఎక్కువైతే బండి వెనక్కి వాలి మెడతాడు ఎడ్ల గొంతులకి పడుతుంది. రెండు చక్రాల ట్రక్కుకీ లెక్క అదే. బరువు ఇరుసుకి వెనక పడితే నొగ పైకి లేచి ట్రాక్టరు పెద్ద చక్రాల పట్టు పోతుంది. బ్రేకు వేస్తే జారుతుంది. గొర్రు సాలు తప్పితే ఒక సాలుతో పోతుంది కానీ ఇది తప్పితే మనిషి పోతాడు.

సరే, అద్దె ట్రాక్టరు సంగతి. పక్క ఊరి కుర్రాడిది, 50 హార్స్‌పవరు బండి, రెండేళ్ళది. ముందు గంటకింత అన్నాడు. దూరం వెళ్ళేదానికి గంట లెక్క మనకి నష్టం. దారిలో టీకి ఆగినా, ఫోను మాట్లాడినా మీటరు తిరుగుతూనే ఉంటుంది. మొత్తం ట్రిప్పుకి, డీజిలు వాడిదే, డ్రైవరు బత్తా అందులోనే అని 5,500కి తేల్చుకున్నాం. అక్కడ ఆలస్యమైతే గంటకి ఎంత, రాత్రి ఉండాల్సొస్తే ఎంత అన్నది కూడా ముందే మాట్లాడాను. ఈ రెండో మాట చాలామంది వదిలేస్తారు. తగువులన్నీ అక్కడే వస్తాయి. ఒక వైపు ఖాళీగా పోవడమే కదా అని సగం అద్దె ఇస్తామనకండి. వెళ్ళేటప్పుడు ట్రాక్టరు ఒక్కటే అయినా డీజిలు తాగుతుంది, టైర్లు అరుగుతాయి.

తర్వాత కాగితాలు అడిగాను. ఆర్‌సీ, ఇన్సూరెన్సు, లైసెన్సు. "ఏంటి బాబాయ్, ఆర్టీవో కంటే నువ్వే ఎక్కువ అడుగుతున్నావు" అన్నాడు. అడగాలి మరి. ఇన్సూరెన్సు కాగితంలో వ్యవసాయ పనులకి మాత్రమే అని రాసి ఉండి, కిరాయికి తోలుతూ ఎవర్నన్నా గుద్దితే కంపెనీ చేతులెత్తేయడానికి దారి దొరుకుతుంది. అప్పుడు కేసు ఓనరు మీదకీ, తోలిన వాడి మీదకీ, చివరికి మన మీదకీ తిరుగుతుంది. వీడిది కిరాయికి కూడా చెల్లేదే, చూసి ఫోటో తీసుకున్నాను. లైసెన్సు విషయంలో ఒక అనుమానం చాలామందికి ఉంటుంది, ట్రాక్టరు లైసెన్సు ఉంటే ట్రక్కు కట్టాక చెల్లుతుందా అని. చెల్లుతుంది. 2001లో నాగశెట్టి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, వెనక ట్రక్కు తగిలించినంత మాత్రాన ట్రాక్టరు లైసెన్సు చెల్లకుండా పోదని.

ట్రక్కుకి కూడా విడిగా రిజిస్ట్రేషను ఉంటుందని మన ఊళ్ళల్లో సగం మందికి పట్టదు. మోటారు వాహనాల చట్టం 1988లో 61వ సెక్షను చూడండి. ట్రక్కు నంబరు దాని పక్కన రాయాలి, లాగే ట్రాక్టరు నంబరు ట్రక్కు వెనక కనిపించాలి. అందుకే షెడ్డుకి అడ్వాన్సు ఇచ్చే ముందే ఒక్క మాట అడగండి: ఫారం 21, ఫారం 22 ఇస్తారా? మొదటిది అమ్మిన కాగితం, రెండోది బండి రోడ్డు మీదకి పనికొస్తుందన్న కాగితం. ఈ రెండూ లేకుండా అమ్మే షెడ్డులు ఉన్నాయి, అక్కడ రేటు తక్కువే. కానీ ఆ ట్రక్కు జీవితాంతం నంబరు లేకుండానే తిరగాలి. నేను టీఆర్, ఇన్సూరెన్సు చేతికి వచ్చాకే బయల్దేరతానని ముందే చెప్పాను. "ట్రక్కు ఖాళీగా ఎందుకు తెస్తావ్, పది బస్తాలు సిమెంటు వేసుకురా" అన్నవాళ్ళు ఇద్దరు. టీఆర్ మీద వచ్చే బండిలో సరుకెందుకు, ఆ వంద మిగుల్చుకోవడానికి ఇంకో తలనొప్పి.

బయల్దేరే రోజు ట్రాక్టరు పొద్దున్నే వస్తుందనుకుంటే మధ్యాహ్నం మూడున్నరకి వచ్చింది. తగిలించే ముందు చూడాల్సినవి చూశాను. నొగ చివర కన్నంలోకి ట్రాక్టరు హుక్కు పిన్ను వదులుగా పడుతోంది. కుర్రాడు వాడేది అసలు పిన్ను కాదు, అరిగిపోయిన ఇనప కడ్డీ ముక్క, కింద లాకు లేదు. గుంటలో పడి ట్రక్కు ఒక్క ఎగురు ఎగిరితే ఆ ముక్క పైకి లేచి వచ్చేస్తుంది. ఎడ్లబండికి కడచీల లేకుండా ఎవడన్నా బండి కడతాడా? ఆటోనగర్‌లో అదే వీధిలో సరైన సైజు పిన్ను, కింద లాక్ క్లిప్పుతో సహా 280 తీసుకున్నారు. రెండు మీటర్ల గొలుసు ఇంకో 450. గొలుసుని హుక్కుకి కాదు, ట్రాక్టరు గట్టి భాగానికి వేసి కట్టించాను. హుక్కే ఊడితే గొలుసు కూడా దాంతో పోతుంది కాబట్టి.

ఇవన్నీ అయ్యేసరికి ఐదు. ట్రాక్టరు ట్రైలర్ సాకెట్టు పనిచేయట్లేదు, వెనక లైట్లు వెలగట్లేదు. కార్తీకంలో ఐదున్నర దాటితే చీకటే. కుర్రాడు అన్నాడు, "ఏం కాదు బాబాయ్, వెనక మీరు ఫోను లైటు వేసుకుని కూర్చోండి, ఎనిమిదికల్లా వెళ్ళిపోదాం." ఇంటి దగ్గర మా ఆవిడ ఫోను మీద ఫోను. రాత్రి ఎనిమిదింటికి ముహూర్తం పెట్టించింది, నిమ్మకాయలు, గుమ్మడికాయ, పులిహోర అన్నీ రెడీ, వాళ్ళ అన్నయ్య వాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు.

నేను రానన్నాను.

ఎందుకో మా ఊరి వాళ్ళకి తెలుసు. మిగతావాళ్ళకి చెబుతాను. నాలుగేళ్ళ కిందట మా చిన్నాన్న కొడుకు, నాకంటే పదకొండేళ్ళు చిన్నవాడు, రాత్రి మోటారు సైకిలు మీద వస్తూ రోడ్డు పక్కన ఆపి ఉన్న ట్రక్కుని వెనక నుంచి గుద్దాడు. గడ్డి లోడు. వెనక లైటు లేదు, రిఫ్లెక్టరు లేదు, రంగు కూడా మాసిపోయిన ఇటుక రంగు. ఎదురుగా వచ్చిన లారీ లైట్లు కళ్ళల్లో పడ్డాయి, ఆ వెలుగులో ముందున్న ట్రక్కు కనిపించదు. ఆ ట్రక్కు వాడు చెడ్డవాడు కాదు. మనలాంటి రైతే. పంక్చరై ఆపి, జాకీ కోసం పక్క ఊరికి వెళ్ళాడు. గడ్డి మీద ఒక మనిషి టార్చి పట్టుకుని నిలబడి ఉన్నా వాడు బతికేవాడేమో. ఆస్పత్రికి వాణ్ణి వెనక సీట్లో నా ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళింది నేనే. వాడి కూతురు ఇప్పుడు రెండో తరగతి. అప్పట్నుంచి చీకట్లో లైటు లేని ట్రక్కు కనిపిస్తే నేను బండి ఆపి వాళ్ళతో గొడవ పెట్టుకుంటాను, చాదస్తం అనుకున్నా సరే. అలాంటిది నేను కొన్న ట్రక్కే అట్లా రోడ్డెక్కాలా?

ఇంట్లో రెండు రోజులు మాటల్లేవు. ముహూర్తం పోయింది. బావమరిది పులిహోర తిని వెళ్ళిపోయాడు. కుర్రాడికి రాత్రి ఉన్నందుకు 1,200 ఎక్కువ ఇచ్చాను, ముందే మాట్లాడుకున్నాం కాబట్టి వాడూ నోరెత్తలేదు. రాత్రి ఏడున్నరకి ఎలక్ట్రీషియను వచ్చాడు. సాకెట్టులో ఏడు పిన్నులు, అందులో మూడు తుప్పు పట్టాయి, ఎర్త్ వైరు తెగింది. గంటన్నర పని, 600 తీసుకున్నాడు. బ్రేకు లైటు, ఇండికేటర్లు, వెనక లైట్లు అన్నీ వెలిగాయి. వెనక ఎర్ర రిఫ్లెక్టరు టేపు, పక్కల పసుపు టేపు నేనే దగ్గరుండి అంటించుకున్నా. షెడ్డు బెంచీ మీద పడుకుంటే దోమలు ఒళ్ళంతా తినేశాయి, అది వేరే సంగతి.

తెల్లారి ఆరున్నరకి కదిలాం. కదిలే ముందు కుర్రాడితో ఒక పని చేయించా. ట్రాక్టరుకి రెండు బ్రేకు పెడళ్ళు ఉంటాయి కదా, పొలంలో మలుపు తిరగడానికి విడివిడిగా నొక్కుతాం. రోడ్డు మీద ఆ రెంటినీ కలిపే లాచి వేయాలి. వేయకుండా వెనక టన్నున్నర పెట్టుకుని ఒకటే పెడలు తొక్కితే ట్రాక్టరు అడ్డం తిరుగుతుంది, ట్రక్కు వచ్చి దాని మీదకెక్కుతుంది. వాడి లాచి దమ్ముల కాలం నుంచి విప్పే ఉంది, బురద గట్టిపడి బిగుసుకుపోయింది. సుత్తితో కొట్టి వేశాం.

చక్రాల నట్లు షెడ్డులోనే బిగించారు, అయినా పెనమలూరు దాటాక ఒకసారి ఆపి మళ్ళీ బిగించాను. కొత్త బండికి మొదటి యాభై కిలోమీటర్లలో నట్లు సర్దుకుని వదులవుతాయి. టైర్లు షెడ్డువాళ్ళు ముందు రీబటన్‌వి పెట్టబోతే, నేను పక్కన అచ్చు చూసి మార్పించుకున్నా. టైరు మీద చివర నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాత రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందన్నమాట. కొత్త ట్రక్కుకి అంత పాత టైరు ఎందుకండీ.

కంకిపాడులో టీకి ఆపినప్పుడు రెండు హబ్బుల మీదా చెయ్యి పెట్టి చూశాను. కుడిది గోరువెచ్చగా ఉంది, ఎడమది చెయ్యి పెట్టనివ్వట్లేదు. ఇరుసు నట్టు మరీ బిగించేశారు, బేరింగు పట్టేస్తోంది. అట్లాగే ఇంటికి తెచ్చి 65 బస్తాలు వేస్తే పొలానికీ మిల్లుకీ మధ్య ఎక్కడో చక్రం ఆగిపోయేది. రోడ్డు పక్క మెకానిక్కు చక్రం లేపి, నట్టు ఒక గాడి వెనక్కి తిప్పి, కొత్త స్ప్లిట్ పిన్ను వేసి, గ్రీజు నింపి 300 తీసుకున్నాడు. షెడ్డు ఆయనకి ఫోను చేసి చెబితే "అవునా" అన్నాడు. అంతే. కొత్త బండి అని నమ్మకండి, పదీ పన్నెండు కిలోమీటర్లకి ఒకసారి చెయ్యి పెట్టి చూడండి, డబ్బు ఖర్చు లేని పరీక్ష అది.

దావులూరు టోలుగేటు దగ్గర ట్రాక్టరుకి రుసుం లేదు, పక్క నుంచి పంపించారు. ఉయ్యూరు, పామర్రు దాకా నాలుగు లైన్ల రోడ్డు, ఎడమ అంచునే పాతిక స్పీడులో వచ్చాం. ఖాళీ ట్రక్కు ఎగిరినంతగా లోడు ట్రక్కు ఎగరదు, అతుకుల దగ్గర నా గుండె కూడా దాంతో పాటే ఎగిరింది. నేను వెనక మోటారు సైకిలు మీద వచ్చాను. మడ్‌గార్డు మీద కూర్చోమని కుర్రాడు రెండుసార్లు అడిగాడు. ట్రాక్టరు మీద సీటు ఒక్కటే, అది తోలేవాడిది. మడ్‌గార్డు మీద కూర్చున్నవాడికి ఇన్సూరెన్సూ లేదు, పడితే పెద్ద చక్రం కిందకే పోతాడు. పైగా వెనక నుంచి చూస్తే ట్రక్కు ఎట్లా నడుస్తోందో తెలుస్తుంది. ఊగుతోందా, ఒక చక్రం ఒరిగిందా, గొలుసు నేలకి రాసుకుంటోందా అని ముందు కూర్చున్నవాడికి తెలియదు.

కూచిపూడి దగ్గరకి మా ఊరి కుర్రాళ్ళు ఆరుగురు ఎదురొచ్చారు, ట్రక్కులో నిలబడి ఊళ్ళోకి ఊరేగింపుగా వస్తామని. వద్దన్నాను. మొహాలు మాడ్చుకుని బండ్ల మీద ముందు పోయారు. కాలవ కట్ట దిగే దగ్గర ఒక్కచోటే భయమేసింది. అక్కడ డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేసే అలవాటు అందరికీ ఉంది. రెండో గేరులో, క్లచ్చు తొక్కకుండా దించమన్నాను. వెనక నుంచి ట్రక్కు తోస్తున్నా ఇంజనే పట్టి ఆపింది, బ్రేకు మీద కాలు పెట్టే పనే రాలేదు.

పదిన్నరకి ఇంటి ముందు ఆగింది. మా ఆవిడ మాట్లాడకుండానే గుమ్మడికాయ తెచ్చి ఇచ్చింది. చిన్నమ్మ వచ్చింది, వాడి తల్లి. వెనకవైపు వెళ్ళి లైటు వేసి చూపించమంది. పగలు కదా సరిగ్గా కనపడదు, కొంగు అడ్డం పెట్టుకుని చూసింది. ఏమీ అనలేదు.

మొత్తం లెక్క అడిగేవాళ్ళ కోసం: ట్రాక్టరు 5,500, రాత్రి ఆగినందుకు 1,200, పిన్ను, గొలుసు, వైరింగు, బేరింగు పని కలిపి 1,630. డీసీఎం, క్రేను కలిపి చెప్పిన రేటు కంటే ఇది కొంచెం తక్కువే. పైగా పిన్ను, గొలుసు మన దగ్గరే ఉన్నాయి.

పక్కన నంబరు రాయించడం ఇంకా ఉంది, పర్మనెంటు రిజిస్ట్రేషను అయ్యాక. మా ట్రాక్టరు ఇంజను వచ్చే వారం వస్తుంది, దానికి కూడా ఏడు పిన్నుల సాకెట్టు వేయించాలి. ఆటోనగర్ ఎలక్ట్రీషియను ఐదు బండ్లు ఉంటే మన ఊరికే వచ్చి వేస్తానన్నాడు, బండికి 600, టేపు విడిగా. నాతో కలిపి ఇప్పటికి ముగ్గురం. ఇంకో ఇద్దరు ఆదివారంలోపు చెప్పండి, సోమవారం పిలిపిస్తాను.